ఆకురాయి పట్టిన చెయ్యి మెత్తబడాలంటే

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఉచితంగా చెప్పి తప్పు చేశారు. ఫీజు లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు అదే మాటకు ప్రొజెక్టరు, టీ, బిస్కెట్లు, సర్టిఫికెట్టు తోడయ్యేసరికి సాఫ్ట్ స్కిల్స్ అయింది. దేశం బాగుపడే దారిలో పడింది.

సాఫ్ట్ స్కిల్స్ అనే మాటను వాడుకలోకి తెచ్చింది అమెరికా సైన్యం. 1972 ప్రాంతంలో కూర్చుని, యంత్రాలతో చేసే పని ఒక రకం, మనుషులతో, కాగితాలతో నెగ్గుకొచ్చే పని ఇంకో రకం అని విడదీశారు. రెండోదే సాఫ్ట్. ఫిరంగులు పేల్చేవాళ్లకే మెత్తదనం కావాల్సొస్తే ఫిట్టర్లకు అక్కర్లేదంటే ఎలా?

మా మేనల్లుడు ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చేశాడు. రెండేళ్ల కోర్సు. అక్కడి లేత్ మెషిన్ ఎక్కువ రోజులు గుడ్డ కప్పుకునే ఉండేది. ఈ మెత్తదనం నేర్పే ఎంప్లాయబిలిటీ స్కిల్స్ క్లాసు మాత్రం ఒక్కరోజూ ఆగలేదట. దానికి కరెంటు అక్కర్లేదు, బెల్టు తెగదు.

ఒకరోజు షేక్‌హ్యాండ్ పాఠం. మావాడు పొద్దున్నుంచి ఇనపముక్కను ఆకురాయితో రుద్దడం, మూలమట్టం ఆనించి వెలుతురుకేసి చూడడం, సందులోంచి సన్నగా గీత కనబడితే మళ్లీ రుద్దడం. ఆ చెయ్యే చాపాడు. ట్రైనర్ పట్టుకుని, "గరుకుగా ఉంది, క్రీమ్ రాయి" అన్నాడు. తర్వాత "నీ బలహీనత ఏంటి?" అనడిగితే క్లాసంతా వరసగా "ఎక్కువ పని చేయడం సార్" అన్నారు. అందరికీ ఒకే బలహీనత ఉండడాన్ని టీమ్ స్పిరిట్ అంటారని నాకప్పుడే తెలిసింది.

జులై 15న ప్రపంచ యువ నైపుణ్య దినోత్సవం కూడా చేశారు. రెండు గంటలు ఆలస్యంగా వచ్చిన ముఖ్య అతిథి టైమ్ మేనేజ్‌మెంట్ మీద మాట్లాడారు.

తర్వాత అప్రెంటిస్‌గా ఒక ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ గ్రైండర్ చక్రానికి గార్డు లేదు. ఆ మాటే చెప్పాడు. "నువ్వెవడివిరా నాకు చెప్పడానికి?" అన్నాడు సూపర్‌వైజరు. అలా అనడం లీడర్‌షిప్. మావాడి కాగితంలో మాత్రం "కమ్యూనికేషన్ మెరుగుపడాలి" అని రాశారు. సూపర్‌వైజర్లకు ఈ క్లాసులు లేవా అని అడగబోయి ఊరుకున్నాను. ఉద్యోగం ఉన్నవాడికి ఎంప్లాయబిలిటీ ఎందుకు? పైగా మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు. మొత్తడానికైనా ముందు మెత్తనివాళ్లను తయారు చేసుకోవాలి కదా.

మొన్న మా ఇంట్లో అద్దం ముందు నిలబడి ప్రాక్టీసు చేస్తున్నాడు.

"మావయ్యా, ఇలా అంటే బాగుంటుందా? గుడ్ మార్నింగ్ సార్. ఈ గ్రైండర్ మీద పనిచేసే అవకాశం ఇచ్చినందుకు చాలా కృతజ్ఞతలు. ప్రస్తుతం నాకు పది వేళ్లున్నాయి సార్. వీలైతే సాయంత్రం పదింటినీ ఇంటికి తీసుకెళ్లాలని చిన్న కోరిక."

"బాగుందిరా," అన్నాను. "చివర్లో కాస్త నవ్వు."