స్మిత్ అంటే కులం కాదు, బాబాయ్

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. మొదట టెన్త్ క్లాస్ స్నేహితుల గ్రూపులో వచ్చింది. తర్వాత ఆఫీసు గ్రూపులో, ఆ మర్నాడు పెదనాన్న కొడుకు దగ్గర్నుంచి వచ్చింది. నిన్న రాత్రి పదకొండింటికి మా బాబాయి పంపాడు. మిగతా ముగ్గురు పంపితే విసుగొచ్చింది. బాబాయి పంపితే బాధేసింది.

‘స్మిత్ ఇంటిపేరు వెనక దాగిన రహస్యం’ అని పైన పెద్ద అక్షరాలు. అందులో ఉన్నది ఇదీ. స్మిత్ అనే మాట మన సంస్కృతంలోని ‘స్మిత’ నుంచి పుట్టింది. ప్రపంచంలోని స్మిత్‌లందరూ ఒకే మూలపురుషుడి సంతానం. ఫెరారీ, కోవాచ్, కుజ్నెత్సోవ్ అన్నీ స్మిత్‌కు మారు రూపాలే. అమెరికాకు వలస వెళ్లినవాళ్ల పేర్లు నోరు తిరగక, న్యూయార్క్ రేవులో వలసవాళ్లను తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్ కేంద్రం అధికారులు అందరికీ స్మిత్ అని రాసేశారు. నల్లజాతి బానిసలను సొంత బిడ్డల్లా చూసుకున్న యజమానులు ప్రేమతో వాళ్లకు తమ ఇంటిపేరు ఇచ్చారు. ఇక ఆఖరి ముక్క: స్మిత్ అంటే కమ్మరి కులం, ఇంగ్లండ్‌లో కూడా పుట్టుకతో కులవృత్తి ఉండేది, ఇది ప్రపంచమంతటా ఉన్న సహజమైన ఏర్పాటు, మనల్ని మాత్రమే ఎందుకు తిడతారు? కింద రెండు దండాల బొమ్మలు, పదిమందికి పంపమని ఆజ్ఞ.

సంస్కృతం సంగతి రెండు మాటల్లో తేల్చేద్దాం. ‘స్మిత’ అంటే చిరునవ్వు. పాత ఇంగ్లీషులో ‘స్మిథ్’ అంటే లోహంతో పనిచేసేవాడు. జర్మన్‌లో ష్మిట్, డచ్‌లో స్మిట్, స్వీడిష్‌లో స్మెడ్ దానికి అన్నదమ్ములు. ‘స్మిత’కు ఇంగ్లీషులో నిజంగానే ఒక చుట్టం ఉంది, అది ‘స్మైల్’. ఆ రెండూ ఒకే పాత ధాతువు నుంచి వచ్చాయి. చెప్పుకోవాలనుకుంటే ఆ నిజమే చెప్పుకోవచ్చు కదా, అబద్ధం దేనికి?

ఒకే మూలపురుషుడు అన్నది అసలు ఎలా నమ్మారో నాకు అర్థం కాదు. ప్రతి ఊరికీ ఒక కొలిమి కావాలి. నాగలి కర్రు, గుర్రపు నాడా, తలుపు బందు, కొడవలి, మేకు ఎవరు చేస్తారు? ఊళ్లో దున్నేవాళ్లు వందమంది ఉంటే కమ్మరి ఒకడో ఇద్దరో. జాన్ అనేవాళ్లు పదిమంది ఉన్న ఊళ్లో ‘రైతు జాన్’ అంటే ఎవరో తెలియదు, ‘కమ్మరి జాన్’ అంటే ఒక్కడే. అందుకే ఆ పేరు అంత బాగా అతుక్కుంది. ఇంగ్లండ్‌లో ఒక ఊరికీ ఇంకో ఊరికీ సంబంధం లేకుండా వందల చోట్ల ఆ పేరు పుట్టింది. లెస్టర్ విశ్వవిద్యాలయంలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌ను ఇంటిపేర్లతో పోల్చి చూశారు. అరుదైన పేర్లున్న మగవాళ్లలో చాలామందికి ఒకే పూర్వీకుడి ఆనవాళ్లు దొరికాయి. స్మిత్‌లలో మాత్రం, దారినపోయే ఇద్దరిని పట్టుకుంటే ఎంత పోలిక ఉంటుందో అంతే ఉంది.

ఫెరారీ కథా అలాంటిదే. ఇటలీలో ఫెరారీ, హంగరీలో కోవాచ్, రష్యాలో కుజ్నెత్సోవ్, ఫ్రాన్స్‌లో లెఫెవ్ర్, అరబ్బు దేశాల్లో హద్దాద్, ఇవన్నీ ఇనుప పని నుంచి వచ్చిన పేర్లే. అంతవరకు మెసేజ్ రాసినాయన చెప్పింది కరెక్టే. కానీ ఇంగ్లండ్ నుంచి స్మిత్ ఓడెక్కి వెళ్లి అక్కడ వేషం మార్చుకోలేదు. ఎవరి ఊళ్లో కొలిమి వాళ్లకుంది, ఎవరి భాషలో మాట వాళ్లకుంది.

ఎల్లిస్ ఐలాండ్ అధికారులు ఎవరి పేరూ కొత్తగా రాయలేదు. 1892లో తెరిచిన ఆ కేంద్రంలో వాళ్ల చేతిలో ఉన్నది ఓడ కంపెనీ ఇచ్చిన ప్రయాణికుల జాబితా. హాంబర్గ్‌లోనో లివర్‌పూల్‌లోనో ఓడ ఎక్కేటప్పుడే అందులో పేర్లు ఎక్కేవి. ఎల్లిస్ ఐలాండ్‌వాళ్లు దానితో సరిచూసుకుని పంపేవాళ్లు. పేరు మార్చుకున్నవాళ్లు తర్వాత తామే మార్చుకున్నారు, ఉద్యోగం కోసమో, పొరుగువాళ్ల భయానికో. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పేరుంటే అనుమానంగా చూసే రోజుల్లో ఎందరో ష్మిట్‌లు స్మిత్‌లయ్యారు. బ్రిటన్ రాజకుటుంబమే 1917లో తన జర్మన్ పేరు వదిలేసి విండ్సర్ అని పెట్టుకుంది.

బలవంతంగా పేరు మార్చిన అసలు ఉదాహరణ కావాలంటే ఐర్లండ్‌లో ఉంది. 1465లో డబ్లిన్ చుట్టుపక్కల ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలో ఉన్న ప్రాంతంలోని ఐరిష్‌వాళ్లు ఇంగ్లీషు ఇంటిపేరు పెట్టుకోవాలని చట్టం చేశారు. ఒక ఊరి పేరు, లేదా తెలుపు నలుపు లాంటి రంగు పేరు, లేదా స్మిత్, కార్పెంటర్ లాంటి పని పేరు, లేదా కుక్, బట్లర్ లాంటి కొలువు పేరు అని ఆ చట్టంలోనే నమూనాలిచ్చారు. ఐరిష్‌లో ‘మాక్ గవన్’ అంటే కమ్మరి కొడుకు. కాలక్రమంలో కావన్ ప్రాంతంలో ఆ ఇంటివాళ్లు చాలామంది స్మిత్‌లయ్యారు. ఇప్పుడు ఆ స్మిత్‌లో ఇంగ్లీషు రక్తం ఉన్నట్టా, లేనట్టా? పేరు చూసి ఎలా చెబుతారు?

ఇక బానిసల దగ్గర నాకు ఓపిక తగ్గిపోయింది. ‘సొంత బిడ్డల్లా’ అట, ‘ప్రేమతో’ అట. 2010 జనగణనలో అమెరికాలో స్మిత్ పేరుగలవాళ్లు 24 లక్షల పైచిలుకు. వాళ్లలో నూటికి సుమారు 23 మంది నల్లజాతివాళ్లు. వీళ్ల ముత్తాతలను 1850, 1860 జనగణనల్లో ఎలా రాశారో తెలుసా? యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు. అంతే. పేరు గడే లేదు. సొంత బిడ్డల్ని ఎవరైనా పేరు లేకుండా లెక్క రాయిస్తారా?

వెంచర్ స్మిత్ అనే ఆయన తన కథ తానే చెప్పి 1798లో అచ్చు వేయించాడు. పశ్చిమ ఆఫ్రికాలో పుట్టినప్పుడు ఆయన పేరు బ్రోటీర్. పసివాడిగా ఉండగానే పట్టుకుని తీరానికి తెచ్చారు. ఓడలో పనిచేసే ఒకతను నాలుగు గ్యాలన్ల రమ్ము, ఒక నూలు గుడ్డ ఇచ్చి కొన్నాడు. తన సొంత పెట్టుబడితో కొన్న సరుకు కాబట్టి ‘వెంచర్’ అని పేరు పెట్టాడు. పేరు పెట్టడం అంటే అదీ. తర్వాత ఇద్దరు ముగ్గురు చేతులు మారి, చివరికి ఆలివర్ స్మిత్ అనే యజమాని దగ్గర 1765లో డబ్బు కట్టి తనను తాను కొనుక్కున్నాడు. కట్టెలు కొట్టి, చేపలు పట్టి, ఒక్కో పౌనూ దాచి ఆ తర్వాత కొడుకులను, భార్యను, కూతురిని కూడా కొనుక్కున్నాడు. ఆ ఆఖరి యజమాని ఇంటిపేరే ఆయనకు ఉండిపోయింది. యజమాని పేరు ఉంది, నిజమే. అందులో ప్రేమ ఎక్కడుంది?

అందరికీ యజమాని పేరే వచ్చిందనడమూ తప్పే. చాలామంది బానిసలకు తమలో తాము వాడుకునే ఇంటిపేర్లు ముందునుంచే ఉండేవి, యజమానులు వాటిని గుర్తించేవాళ్లు కాదు. స్వేచ్ఛ వచ్చాక కొందరు వాటినే బయటపెట్టారు, కొందరు నచ్చిన పేరు ఎంచుకున్నారు. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ పుట్టినప్పుడు బెయిలీ. పారిపోయి వచ్చాక జాన్సన్ అయ్యాడు, ఆ పేరువాళ్లు తను చేరిన ఊళ్లో మరీ ఎక్కువగా ఉన్నారని డగ్లస్ అయ్యాడు.

ఇప్పుడు ఆ ఆఖరి ముక్క. దీనికోసమే ఇంత రాస్తున్నాను.

మా తాత కమ్మరి. ఊరి చివర వేపచెట్టు కింద పాక, పాకలో కొలిమి. మా నాన్న, బాబాయి బడి నుంచి రాగానే వంతులేసుకుని తోలుతిత్తి లాగేవాళ్లు. కర్రు ఎర్రగా కాలాక తాత పట్టకారుతో తీసి దాగలి మీద పెట్టేవాడు. సుత్తి దెబ్బ దెబ్బకీ నిప్పురవ్వలు లేచేవి, నీళ్ల తొట్టిలో ముంచితే బుస్సుమని పొగ. ఏడాది పొడవునా చేసిన పనికి పంటకాలంలో కల్లం దగ్గరికి వెళ్లి నిలబడితే మేర, అంటే మా వంతు గింజలు, కొలిచేవాళ్లు. కల్లం అంచున, పిలిచేదాకా.

మా ఇంటిపేరులో ‘కమ్మరి’ అనే మాటే లేదు. అది ఎప్పుడో మా పూర్వీకులు వదిలొచ్చిన ఒక ఊరి పేరు. అయినా బాబాయి డిప్లొమా అయ్యాక టౌనులో గది అద్దెకు అడగడానికి వెళ్తే ఇంటాయన అడిగిన మొదటి ప్రశ్న ‘మీరేమిట్లు?’ చెప్పగానే ఆ గది అప్పటికే ఎవరికో ఇచ్చేశామన్నాడు. మర్నాడు కూడా ఆ తలుపుకి ‘టు లెట్’ బోర్డు వేలాడుతూనే ఉంది. ఇంటిపేరులో పని లేదు, చేతిలో సుత్తి లేదు, జేబులో డిప్లొమా ఉంది. అయినా కులం వెంట వచ్చింది.

ఇంగ్లండ్‌లో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ పేరు ఉండిపోయింది, పని ఎప్పుడో జారిపోయింది. పక్కనే స్కాట్లండ్‌లో అర్థశాస్త్రం ఆడమ్ స్మిత్ తండ్రి కస్టమ్స్ అధికారి. 1607లో అమెరికాలో ఇంగ్లీషువాళ్ల జేమ్స్‌టౌన్ వలసకు వెళ్లిన జాన్ స్మిత్ రైతు కొడుకు. ఇంకా వెనక్కి, ఇంటిపేర్లు స్థిరపడుతున్న రోజుల్లోకే వెళ్దాం. కవి చాసర్ ఇంటిపేరుకు మూలం కాళ్ల తొడుగులు, చెప్పులు చేసే పని. ఆయన పుట్టింది 1340ల్లో, తండ్రి ద్రాక్షసారా వ్యాపారి, ఆయనేమో లండన్ రేవులో సుంకాల అధికారి అయ్యాడు. చెప్పుల పని ఇంటిపేరు చూసి ఆయన్ని ఎవరైనా గడప బయట నిలబెట్టారా? కమ్మరి కూతురు రొట్టెలు కాల్చేవాడి కొడుకుని చేసుకుంటే ఊరు వెలివేసిందా? నలుగురికీ అదే చర్చి, అదే శ్మశానం. మార్గరెట్ థాచర్ ఇంటిపేరుకు అర్థం గడ్డితో కప్పు వేసేవాడని. అది భర్త ఇంటిపేరు, ఆమె పుట్టింటివాళ్లు కిరాణా కొట్టు నడిపిన రాబర్ట్స్‌లు. ఆ పేరుతోనే దేశానికి ప్రధాని అయింది.

అక్కడ పనికి గౌరవం ఎలా ఉండేదో కూడా చెబుతాను. వెయ్యేళ్ల కిందట ఎల్ఫ్రిక్ అనే సన్యాసి పిల్లలకు లాటిన్ నేర్పడానికి ఒక సంభాషణ రాశాడు. అందులో ఎవరి పని గొప్పదని వాదన. నేను లేకపోతే రైతుకు కర్రు, జాలరికి గాలం, చెప్పులు కుట్టేవాడికి ఆర, దర్జీకి సూది ఎక్కడివని కమ్మరి అడుగుతాడు. నువ్విచ్చేది నిప్పురవ్వలు, సుత్తి మోతలు, తిత్తి ఊదుళ్లే కదా అని మిగతావాళ్లు ఎదురు చెబుతారు. అందరూ ఒకే చోట కూర్చుని సమానంగా కీచులాడుకుంటారు. మా తాత కల్లం దగ్గర ఆ మాట అనగలిగేవాడా?

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. దీని గురించి చదువుతుంటే నేను అనుకోనిది ఒకటి దొరికింది. ఇంగ్లండ్‌లో కూడా పుట్టుకను పనికి కట్టేసే చట్టాలు వచ్చాయి. పన్నెండేళ్లు వచ్చేదాకా పొలం పని చేసినవాళ్లు ఇక అందులోనే ఉండాలని 1388లో చట్టం చేశారు. ఏడాదికి ఇరవై షిల్లింగుల భూమో కౌలో లేనివాళ్లు బిడ్డల్ని పట్నంలో పని నేర్చుకోవడానికి పెట్టకూడదని 1406లో ఇంకొకటి వచ్చింది. జమీందారు అనుమతి లేనిదే ఊరు దాటలేని దాసులూ ఉండేవాళ్లు. కొడుకు తండ్రి కొలిమిలోనే పని నేర్చుకోవడం అక్కడా మామూలే. కాబట్టి అక్కడ అందరూ స్వేచ్ఛగా బతికారని నేననను. మెసేజ్ రాసినాయనకు నిజంగా వాదించాలని ఉంటే ఈ చట్టాలు చూపించి ఉండాల్సింది, ఇంటిపేరు కాదు. కానీ అదే 1406 చట్టం, ఎవరైనా తమ కొడుకునో కూతురినో బడికి పంపుకోవచ్చని కూడా రాసింది. 1600 నాటికి ఆ దాస్యం దాదాపు పోయింది. అక్కడ పోయింది కాబట్టి దాన్ని సహజం అనలేం. మనుషులు పెట్టినది, మనుషులు తీసేశారు.

మనకూ పేరులో పని ఉన్నవాళ్లున్నారు. తెలంగాణలో కమ్మరి, కుమ్మరి, చాకలి అని రికార్డుల్లో ఇంటిపేరుగా ఎక్కినవాళ్లను అడగండి, హాజరు పిలిచినప్పుడల్లా క్లాసులో ఎలా ఉండేదో. లండన్ బడిలో స్మిత్ అని పిలిస్తే ఏ పిల్లాడూ తల దించుకోడు. ఈ తేడా కనబడకపోతే ఎలా?

పొద్దున బాబాయికి ఫోన్ చేశాను. ఆఖరి ముక్క చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘అంత కిందికి చదవలేదురా, పైన ఇనుప పని అని కనిపిస్తే పంపేశాను’ అన్నాడు. తర్వాత, ‘అవునూ, ఫెరారీ అంటే మాత్రం నిజంగా కమ్మరేనా?’ అని అడిగాడు. నిజమే బాబాయ్ అన్నాను. తాత ఉంటే చెప్పేవాళ్లం అన్నాడు.