గొయ్యి గారికి ఓ ఉత్తరం

మహారాజశ్రీ వింకెవేన్ సరస్సు గారికి,

ఉభయకుశలోపరి. మొన్న ఆదివారం ఆమ్‌స్టర్‌డామ్ నుంచి వచ్చి, పడవ అద్దెకు తీసుకుని మీ మీద రెండు గంటలు తిరిగాం. "ప్రకృతి అంటే ఇదండీ!" అంటూ మా ఆవిడ ఫోటోలు తీస్తూనే ఉంది. నేనూ తలూపాను. ఇంటికెళ్లి మీ చరిత్ర చదివాక గానీ తెలియలేదు, మీరు మనుషులు తవ్విన గొయ్యి అని.

కోపం తెచ్చుకోకండి. గుట్టు మీ పేరులోనే ఉంది. డచ్చి భాషలో 'వేన్' అంటే పీట్. గడ్డీ నాచూ కుళ్లీ కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకున్న నల్లటి నేల. ఎండితే పిడకలా మండుతుంది. కట్టెలకు కటకటగా ఉన్న హాలండ్‌కి అదే వంటచెరకు. పొడుగాటి కర్రకు వల బిగించి, నీళ్ల అడుగు నుంచి ఆ బురదను తోడి, పక్కన వదిలిన సన్నటి నేల పట్టీల మీద ఆరబోసి, ఇటుకల్లా కోసి అమ్ముకున్నారు. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం మనకు తెలుసు. వీళ్లు ఆ కొమ్మతో చలి కూడా కాచుకున్నారు.

తవ్విన చోటల్లా నీళ్లు నిండాయి. ఆరబోసిన పట్టీలు దువ్వెన పళ్లలా మిగిలాయి. మా ఆవిడ ఫోటోల్లో అందమంతా వాటిదే. పాపం, అలలు వాటిని కోసుకుపోతుంటే చుట్టూ చెక్కలు కొట్టి నిలబెడుతున్నారు. అమ్మేసిన మట్టికి లాభం, మిగిలిన మట్టికి ఖర్చు!

అంతటితో వదిలారా? 20వ శతాబ్దంలో ఇసుక కోసం మళ్లీ తవ్వారు. కొన్నిచోట్ల లోతు 50 మీటర్లట. ఇప్పుడు అందులోకి డైవింగ్ వాళ్లు సరదాగా దిగుతున్నారు.

అయినా మీ జాతకం మంచిది. మీ పెద్దన్నగారు హార్లెమర్‌మేర్ సరస్సు కూడా ఇలాగే పీట్ తవ్వకాలతో, గాలివానలతో ఒడ్లు మింగుతూ ఆమ్‌స్టర్‌డామ్, లైడెన్ నగరాల గుమ్మాల దాకా వచ్చాడు. 1849-52 మధ్య ఆవిరి పంపులు పెట్టి ఆయన్ని పూర్తిగా తోడేశారు. ఇప్పుడు ఆయన పొట్ట మీద ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయం స్కిపోల్‌కి వచ్చే విమానాలు దిగుతున్నాయి.

మీ పక్కనున్న గ్రోట్ మైద్రెఖ్ట్ అనే ఇంకో గొయ్యినీ అలాగే ఎండగట్టి పొలాలు చేశారు. అది మీకంటే బాగా పల్లం. మీరేమో చప్పుడు చేయకుండా నేల అడుగు నుంచి అందులోకి ఊరుతున్నారు, వాళ్లేమో పంపులతో తోడిపోస్తున్నారు. ఆ కరెంటు బిల్లు మీకు పంపాలా, మిమ్మల్ని తవ్విన ముత్తాతలకు పంపాలా?

ఇట్లు,
లోతు తెలియక మీ మీద రెండు గంటలు తేలిన పర్యాటకుడు