"ఏముందక్కడ, నాలుగు రాళ్ళే కదా" అన్నవాళ్ళకు

ఇక్కడ ఐర్లండ్‌లో, లిమరిక్‌లోని మనవాళ్ళ గ్రూపులో ఆదివారం ఎటు వెళ్దామన్న మాట వస్తే సముద్రం ఒడ్డున కొండచరియలు, అదే క్లిఫ్స్ ఆఫ్ మోహర్, తప్ప ఇంకో పేరు వినపడదు. ఈసారి నేను మౌంట్‌షానన్ అన్నాను. "ఏముందక్కడ? ఒక చెరువు, నాలుగు రాళ్ళే కదా" అన్నారు. ఆ మాట వారం రోజులుగా నన్ను వదలడం లేదు. అందుకే ఇంత పొడుగు పోస్ట్ పెడుతున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మౌంట్‌షానన్ క్లేర్ కౌంటీలో, లాక్ డెర్గ్ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరు. ఒక పెద్ద వీధి, ఒక పడవల రేవు, అంతే. 1898 స్థానిక పాలన చట్టం వచ్చేదాకా గాల్వే కౌంటీలో ఉండేదట. రేవులో నిలబడి చూస్తే నీళ్ళ మధ్య పచ్చటి దీవి, దాని మీద పైకప్పు ఊడిపోయిన ఎత్తైన రాతి గోపురం కనిపిస్తాయి. అదే ఇనిష్ కెల్ట్రా. ఊరివాళ్ళు హోలీ ఐలాండ్ అంటారు. సుమారు యాభై ఎకరాల నేల. 7వ శతాబ్దంలో సెయింట్ క్యామీన్ పేరుతో అక్కడ మఠం వెలిసింది. 836లో ఒకసారి, 922లో ఇంకోసారి వైకింగ్‌లు పడవల మీద వచ్చి దోచుకున్నారు. ఆ తర్వాత బ్రయన్ బోరు రాజు కాలంలో మఠం మళ్ళీ నిలబడింది. అతని సోదరుడు మార్కాన్ దానికి మఠాధిపతిగా ఉన్నాడు. ఇదంతా బోర్డుల మీద ఉంటుంది, మీరే చదువుకోవచ్చు.

బోర్డు మీద చదివితే తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ దీవిలో ఇప్పటికీ మనుషుల్ని పూడుస్తారు. చుట్టుపక్కల కొన్ని కుటుంబాలకు తరతరాలుగా సమాధులు అక్కడే ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా పోతే శవపేటికను రేవుదాకా తెచ్చి, పడవలో ఎక్కించి, నీళ్ళు దాటించి తీసుకెళ్తారు. గాలి వాన ఉంటే ఎంత కష్టమో ఆలోచించండి. ఒడ్డున శ్మశానాలు లేక కాదు. తాత పక్కన, అమ్మ పక్కన ఉండాలని.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాతో పాటు పడవలో ఒక పెద్దావిడ ఉంది. చేతిలో పూలమొక్క కుండీ, చిన్న తవ్వుగోల. వెయ్యేళ్ళనాటి చర్చి గోడల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా ఒక సమాధి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, కలుపు పీకి, మొక్క నాటింది. నేను అప్పటికి ఫోన్‌లో వీడియో తీస్తున్నాను. సిగ్గేసి జేబులో పెట్టేశాను.

ఎడ్నా ఓబ్రయన్ పేరు వినే ఉంటారు. ఐర్లండ్ పెద్ద రచయిత్రుల్లో ఒకరు. పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని టూమ్‌గ్రేనీలోనే. 1960లో వచ్చిన ఆమె మొదటి నవలను ఈ దేశమే నిషేధించింది. బతుకంతా ఎక్కువగా లండన్‌లో గడిపింది. అలాంటి మనిషి 2024లో పోయినప్పుడు ఏ పెద్ద నగరంలోనూ చోటు కోరలేదు. టూమ్‌గ్రేనీలో అంత్యక్రియల ప్రార్థన జరిగాక ఆమెను పడవలో ఈ దీవికే తెచ్చారు. తల్లి వైపువాళ్ళు ఉన్న చోటికి. ఊరు ఆమెను ఎంత నొప్పించినా, ఆ మట్టి మీద ఆమె హక్కును ఎవరూ కాదనలేదు. ఈ ఒక్క విషయం చాలదా, అవి ఉత్త రాళ్ళు కావని చెప్పడానికి?

టూమ్‌గ్రేనీలోనే సెయింట్ క్రోనన్ చర్చి ఉంది. 10వ శతాబ్దం నాటిది. అంత పాత కట్టడాల్లో ఇప్పటిదాకా వాడుకలో ఉన్నవి ఈ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టాలి.

నాకెందుకు ఇంత బాధ అంటే, మాది నందికొట్కూరు వైపు. నాన్న పుట్టిన ఊరు శ్రీశైలం డ్యామ్ నీళ్ళ కింద ఉంది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి అలంపూర్‌కి తెచ్చి మళ్ళీ కట్టారు, మంచిదే. మా అవ్వ అత్తమామల సమాధుల్ని ఎవరు తేవాలి? ఎండాకాలం నీళ్ళు తగ్గితే నాన్న ఇప్పటికీ వెళ్ళి, బురదలో ఫలానా చోట ఉండాలి అని చేయి చూపిస్తాడు. చూపించడానికి అక్కడ ఏమీ ఉండదు.

లాక్ డెర్గ్ సరస్సు ఉన్న షానన్ నది మీద కూడా అదే జరిగింది. 1925-29 మధ్య ఆర్డ్‌నక్రషా జలవిద్యుత్ కేంద్రం కట్టినప్పుడు కిల్లాలో అనే ఊరి దగ్గర ఫ్రయర్స్ ఐలాండ్ అనే చిన్న దీవి మునిగిపోయింది. అక్కడున్న సెయింట్ లువా ప్రార్థనామందిరాన్ని అచ్చం మన కూడవెల్లి గుడిలాగే రాయి రాయి మోసుకొచ్చి కిల్లాలో చర్చి ఆవరణలో పెట్టారు. ఇప్పటికీ వెళ్ళి చూడొచ్చు. అదే నది మీద ఇనిష్ కెల్ట్రా మాత్రం మునగకుండా నిలిచింది. మౌంట్‌షానన్ రేవు నుంచి వీడియో కాల్ చేసి దీవిని చూపిస్తే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఆ సమాధులు నీళ్ళలోకి పోలేదా?" పోలేదు నాన్నా అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

గద్దల సంగతి కూడా చెప్పాలి. తెల్లతోక గద్ద ఐర్లండ్‌లో వందేళ్ళ కిందటే లేకుండా పోయింది. 2007 నుంచి నార్వే నుంచి గద్ద పిల్లల్ని తెచ్చి వదిలారు. 2013లో ఒక జంట మౌంట్‌షానన్ దగ్గర గూడు కట్టి పిల్లల్ని ఎగరేసింది. శతాబ్దం తర్వాత ఈ దేశపు గూట్లో పెరిగి ఎగిరిన మొదటి పిల్లలు అవే. వాటిలో ఒకదాన్ని మరుసటి ఏడాదే ఎవరో తుపాకీతో కాల్చేశారు. ఎవరి చేతులకు మనసొప్పిందో.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. దీవిలో ఎక్కువ భాగాన్ని క్లేర్ కౌంటీ కౌన్సిల్ కొన్నది. ఊళ్ళో పాత పాదిరి ఇంటిని సందర్శకుల కేంద్రం చేశారు. రేవుకు నాలుగు డబ్బులు వస్తాయి, ఊరి పిల్లలకు పని దొరుకుతుంది, నేను సంతోషిస్తాను. కానీ దీవి మీద రోజుకు ఎంతమంది అడుగుపెట్టాలన్నది అక్కడ తమవాళ్ళను పూడ్చుకున్న కుటుంబాలను అడిగే తేల్చాలి. సమాధి జరిగే రోజు యాత్రికుల పడవలు ఆపాలి. టికెట్ల లెక్క ఆ తర్వాతే. అవ్వ ఊరి విషయంలో మమ్మల్ని ఎవరూ అడగలేదు కాబట్టి నేనీ మాట గట్టిగా అంటున్నాను.

మనవాళ్ళు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. పిల్లల్ని తీసుకెళ్ళండి. డ్రోన్ వద్దు. సమాధి రాళ్ళ మీద కూర్చుని పులిహోర డబ్బాలు విప్పొద్దు, రేవు దగ్గర పార్కు ఉంది, అక్కడ తినండి. కొత్త మట్టి కనిపిస్తే పక్కనుంచి నడవండి.

నేను వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను, వాన లేకపోతే. పొద్దున తొమ్మిదికి లిమరిక్‌లో బయల్దేరతాను. కారులో మూడు సీట్లు ఖాళీ ఉన్నాయి. వచ్చేవాళ్ళు శనివారం సాయంత్రంలోపు చెప్పండి.