నీలి టిక్కుల వారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ వాట్సాప్ నీలి టిక్కుల వారికి, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే లెక్చరర్ నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి. పిల్లలు రాత్రింబవళ్లు చదువుతున్నారు. ఏమి చదువుతున్నారో తమకే బాగా తెలుసు.

తమరు 2014 నవంబరులో అవతరించారు. అంతకుముందు జవాబు రాకపోతే ‘ఇంకా చూసి ఉండడులే’ అనుకుని నిద్రపోయేవాళ్లం. ఆ కాస్త ఊరటా తమకు కంటగింపైంది.

మొన్న రాత్రి మా విద్యార్థిని ఒకతె, నేను లేని పిల్లల గ్రూపులో ఓ ప్రశ్న వేసింది. ఆవేశమున్న బోలు గోళం లోపల విద్యుత్ క్షేత్రం సున్నా ఎందుకవుతుందని. మంచి ప్రశ్న, నన్నడిగితే ఎగిరి గంతేసేవాణ్ని. కాసేపటికే తమరు నీలంగా వెలిగారు. గ్రూపులో తమరు వెలిగారంటే ఒక్కరు మిగలకుండా అందరూ చూసినట్టే కదా! ఒక్కరూ పలకలేదు. ఆ పిల్ల సందేశాన్ని నొక్కిపట్టి, ఎవరెవరు ఏ నిమిషానికి చూశారో ఆ జాబితా తీసి, ర్యాంకుల పట్టికలా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివిందట. జవాబున్న గాస్ నియమం పేజీ మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉంది. చివరికి ప్రశ్నే తొలగించింది. తొలగించినా, తొలగించారహో అని చాటింపు వేయడం తమ వారి మర్యాద.

మర్నాడు తరగతిలో సందేహాలున్నాయా అంటే తల వంచుకుంది. సంగతంతా తర్వాత స్టాఫ్ రూముకొచ్చి చెప్పింది. బెత్తం పట్టిన పాతకాలపు పంతుళ్లకు కూడా పిల్లల నోరు ఇంత శుభ్రంగా మూయించడం చేతకాలేదు సుమండీ!

పోనీ, సెట్టింగుల్లో తమకు సెలవిచ్చేద్దామంటే, మనం చూసింది ఎదుటివారికి తెలియకపోతే వారు చూసిందీ మనకు తెలియదట. ఆ బేరానికి ఏ పిల్ల ఒప్పుకుంటుంది? ఒప్పుకున్నా గ్రూపుల్లో చెల్లదు.

అయితే తమ ఉదారతను మెచ్చుకోకుండా ఉండలేను. నిన్న అదే పాఠం నోట్సు పీడీఎఫ్ నేనున్న తరగతి గ్రూపులో పెట్టాను. ఫైలు తెరవనక్కర్లేదు, గ్రూపు తెరిస్తే చాలు, చదివినట్టు తమరు ముద్ర వేసేశారు. పరీక్షలయ్యాక మూల్యాంకనానికి కూడా తమరే దయచేయండి. జవాబుపత్రం విప్పే శ్రమ లేకుండా అందరినీ గట్టెక్కించవచ్చు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్