మూడొందలకు ఖాతా మొత్తం ఆపేస్తారా?

కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ పెట్టుకున్న వ్యాపారికి ఎవరో 300 రూపాయలు పంపారనుకుందాం. అది నాలుగు ఖాతాలు మారి వచ్చిన సైబర్ మోసపు సొమ్మని ఆయనకు తెలిసే దారే లేదు. ఎక్కడో వేరే రాష్ట్రంలో ఫిర్యాదు నమోదవుతుంది. మర్నాడు మార్కెట్‌కు సరుకు కోసం వెళ్తే ఖాతాలోని 40 వేలూ కదలవు.

సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కు ఫోన్ చేయగానే డబ్బు వెంట పరిగెత్తే వ్యవస్థ ఉండి తీరాలి. కాని ముఠాలు వాడేవి అద్దె ఖాతాలు. కమీషన్‌కు ఆశపడి ఎవరో పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించేస్తారు. ఆధార్, పాన్ అన్నీ సక్రమమే కాబట్టి కేవైసీకి అవి చిక్కవు. సొమ్ము నిమిషాల్లో నగదుగానో క్రిప్టోగానో మాయమవుతుంది. ఫిర్యాదు చేరేసరికి వాటిలో ఏమీ మిగలదు. ఎక్కడికీ పారిపోని చిరువ్యాపారి ఖాతాయే చేతికి దొరుకుతుంది.

నేర విచారణ ప్రక్రియ చట్టమైన బీఎన్ఎస్ఎస్ 106వ సెక్షన్ కింద ఆస్తి స్వాధీనం చేసుకున్న పోలీసులు ఆ సంగతి వెంటనే మేజిస్ట్రేటుకు నివేదించాలి. వివాదంలో ఉన్న మొత్తానికే ఆంక్షను పరిమితం చేయాలని కేరళ హైకోర్టు 2023లోనే బ్యాంకులకు చెప్పింది. అయినా ఖాతా మొత్తం ఆపేయడం చూస్తూనే ఉన్నాం.

ఖాతా ఆగినవారు బ్యాంకు నుంచి ఫిర్యాదు సంఖ్య, పోలీస్ స్టేషన్ పేరు, వివాదపు మొత్తం, ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్య (యూటీఆర్ నంబరు) రాతపూర్వకంగా తీసుకోవాలి. బిల్లు, ఆ రోజు స్టేట్‌మెంట్ జతచేసి, ఆ మొత్తానికే లీన్ (అంతవరకే కదలకుండా ఆపడం) పెట్టి మిగతాది వదలమని దర్యాప్తు అధికారికి ఈమెయిల్ పంపాలి. జవాబు రాకపోతే బీఎన్ఎస్ఎస్ 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. 300 పంపినవారికే తిరిగి పంపేస్తే పని జరగదు. అది అసలు బాధితుడికి చేరదు.

ఆ కోర్టు వేరే రాష్ట్రంలో ఉంటే రైలు ఛార్జీలు, వకీలు ఫీజు కలిసి వేలల్లోకి పోతాయి. అంత ఖర్చు పెట్టలేక సొంత డబ్బునే వదులుకునే స్థితి పేదలకు రాకూడదు. చిన్న మొత్తాలకు లీన్ మాత్రమే పెట్టాలి. ఆపిన రోజే వివరాలతో ఎస్ఎంఎస్ పంపాలి. పత్రాలు సొంత ఊరి స్టేషన్‌లోనే ఇచ్చే వీలుండాలి. గడువులోగా కోర్టు ఉత్తర్వు రాకపోతే ఆంక్ష దానంతటదే తొలగాలి.

ఇక నెలల తరబడి కదలిక లేని ఖాతాలో ఒక్కసారిగా లక్షలు పడి, గంటలోపే ఖాళీ అవుతుంటే బ్యాంకులు ఆపాల్సింది అక్కడే.