మామూలు శ్రీను వ్రాయునది ఏమనగా

మహారాజశ్రీ శ్రీనివాస్ అనే నా పేరు గారి సముఖమునకు,

తమరు క్షేమమేనా అని అడగక్కర్లేదు. ఏ గ్రూపు తెరిచినా తమరే, ఏ హాజరు పట్టీ చూసినా తమరే. దిష్టి తగలకుండా చూసుకోండి.

నిన్న జరిగిన ముచ్చట తమ దృష్టికి తేవాలనే ఈ లేఖ. "శ్రీనూ, మూడింటికల్లా వచ్చెయ్, అర్జెంట్" అని మా స్నేహితుడి నుంచి మెసేజ్ వస్తే ఉన్న పని వదిలేసి వెళ్ళాను. గేటు బయట ఎండలో నిలబడ్డాను. ఫోన్ చేస్తే ఎత్తడు. ఎప్పుడో చీకటి పడుతుండగా వచ్చి, "నువ్వొచ్చావేంట్రా?" అన్నాడు. ఆ మెసేజ్ పొడుగు శ్రీనుకట. పోనీలే, మనకిది కొత్తా? అని సర్దుకున్నాను కూడా. కానీ పొరపాటు ఎలా జరిగిందో చూపిస్తానంటూ వాడు ఫోన్ తీసి నా ముందు పెట్టాడు.

తెర నిండా తమరే. శ్రీను పొడుగు. శ్రీను ప్లంబర్. శ్రీను బావమరిది. శ్రీను ఎత్తొద్దు. వాళ్ళందరి కింద నా ఫొటో, పక్కన "శ్రీను మామూలు".

చిన్నప్పట్నుంచీ ఒకే బెంచీలో కూర్చున్నవాళ్ళం! పొడుగు శ్రీనుకి పొడుగుంది. ప్లంబర్ చేతిలో పనుంది. ఆ 'ఎత్తొద్దు' కూడా అప్పడిగో, గొడవపడో తనకంటూ ఒక స్థానం సంపాదించుకున్నాడు. నేను మాత్రం అందర్నీ తీసేయగా మిగిలినవాణ్ణి.

"మామూలేంట్రా?" అన్నాను.

"గుర్తుండాలి కదా మరి."

"ఇంకేమీ దొరకలేదా?"

వాడు నన్ను నెత్తి నుంచి చెప్పుల దాకా చూశాడు. నిజంగానే వెతికాడు, పాపం. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి, "నువ్వే కొట్టు, ఏం రాయాలో" అన్నాడు. కర్సర్ మినుకుమినుకుమంటోంది. నాకూ ఏమీ తోచలేదు.

అయ్యా, ఫ్రాంకుల రాజుల్నీ ఫ్రెంచి రాజుల్నీ చూడండి. అక్కడా ఇదే గోల. లూయీలే 18 దాకా వెళ్ళారు. ఎవరు ఎవరో తెలియాలి గనక జనం తోచిన తోకలు తగిలించేశారు. షార్లమేన్ అనే ఫ్రాంకుల చక్రవర్తికి తండ్రి పొట్టి పెపిన్. మనవడు బట్టతల చార్లెస్. 1108 నుంచి 1137 దాకా ఏలిన ఆరో లూయీ లావు లూయీ. 986లో గద్దెనెక్కి మరుసటి ఏడాదే పోయిన ఐదో లూయీనైతే 'ఏ పనీ చేయని లూయీ' అన్నారు. తిట్టే కావచ్చు, కానీ తోకంటూ ఒకటి ఉందిగా! మామూలు లూయీ అని ఎవర్నీ అవమానించలేదు.

నేను వదల్లేదు. మార్చి తీరాలని పట్టుబట్టాను. మార్చాడు. ఇప్పుడు నేను "శ్రీను ఫీలవుతాడు".

మిగతా కష్టాలు పెద్దగా ఏకరువు పెట్టను. పొడుగు శ్రీను చేసిన తప్పుకి నాకు తిట్లు, నేను చేసిన పనికి వాడికి చప్పట్లు. వాడి బ్లడ్ రిపోర్టు నా మెయిల్‌కి. వాడికి కొలెస్ట్రాల్ ఉందని వాడికంటే ముందు నాకు తెలుసు.

పురుగులకైనా ఇంతకంటే న్యాయం జరిగింది. ప్లాటిపస్‌ని తమరెరుగుదురు కదా, బాతుమూతి జంతువు. 1799లో దానికి శాస్త్రీయంగా కూడా ప్లాటిపస్ అనే పెట్టారు. తీరా చూస్తే ఆ పేరు 1793లోనే చెక్కను తొలిచే పురుగులకి ఇచ్చేసి ఉన్నారు. జంతుశాస్త్రంలో ముందొచ్చినవాడిదే పేరు. అంత వింత జంతువూ తలొంచుకుని ఆర్నితోరింకస్ అయింది. పొడుగు శ్రీను నాకంటే చిన్నవాడు. ఆ లెక్కన ఈపాటికి వాడు ఆర్నితోరింకస్ కావాలి. ఏడీ?

తుఫానుల సంగతి చెప్పనే వద్దు. బంగాళాఖాతంలో ఒకసారి వాడిన పేరు మళ్ళీ పెట్టరు. 2014లో వచ్చింది ఒక్కటే హుద్‌హుద్. కొంపలు కూల్చినదానికి ఆ గౌరవం. బుద్ధిగా బతికే నాకు, జాబితాలో నాలుగు తోకల కింద జాగా.

ఇంకా తమరూ గిమరూ ఏంటి నా మొహం! నీకసలు సిగ్గుందా? ఒక్కడి దగ్గర కుదురుగా ఉండలేవా? కనపడ్డవాడి మీదల్లా వాలడమేనా? నేను పలకడం మానేస్తే పొగరన్నారు. పలికితే "నిన్ను కాదులే" అన్నారు. ఏం చేసి చావమంటావు?

నిన్ను వదిలించుకుందామనీ చూశాను. రాత్రి కూర్చుని మంచి మంచి పేర్లు రాసుకుని, ఒక్కొక్కటే పైకి పిలుచుకున్నాను. ఎవర్నో పిలిచినట్టుందే తప్ప ఒక్కదానికీ పలకబుద్ధి కాలేదు. అలవాటు చేసి చంపావు.

జవాబు రాస్తే కవరు మీద పేరొక్కటే రాసి ఊరుకోకు. పై అంతస్తులోనూ నువ్వే ఉన్నావు.

ఇట్లు,
శ్రీను
(కింది అంతస్తు)