ఆలస్యంగా వచ్చే రోగి కోసమే ఈ రసాయన శాస్త్రం

పక్షవాతం వచ్చిన మనిషిని ఎమర్జెన్సీకి తీసుకొస్తే డాక్టరు అన్నిటికంటే ముందు అడిగేది ‘ఎన్ని గంటలకు మొదలైంది?’ అని. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఈ ప్రశ్నకు తరచుగా వినిపించే జవాబు ఇలా ఉంటుంది: ‘రాత్రి బాగానే తిని పండుకున్నాడు సార్. తెల్లారుజామున పాలు పిండేదానికి లేస్తే కాలు నిలవలేదు, మాట ముద్దగా వచ్చింది.’ అంటే ఎప్పుడు మొదలైందో ఇంట్లో ఎవరికీ తెలీదు. అలాంటప్పుడు వైద్యులు రోగి చివరిసారిగా బాగున్నట్టు చూసిన సమయాన్నే లెక్కలోకి తీసుకుంటారు. రాత్రి తొమ్మిదికి పడుకుని ఐదింటికి లేచిన మనిషికి ఆ లెక్కన అప్పటికే ఎనిమిది గంటలు గడిచిపోయాయి. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు మామూలు గడువు నాలుగున్నర గంటలు.

పగటిపూట అందరి కళ్లముందే వచ్చినా మనవాళ్లకు గడువు దాటిపోవడం మామూలే. గాలి సోకిందేమో అని కాసేపు చూస్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సెలైన్ పెడతాడు. పలమనేరు వైపు పక్షవాతానికి నాటుమందు ఇస్తారని ఎక్కడెక్కడి నుంచో జనం వస్తుంటారు. అక్కడికి పోదామా, వేలూరుకు పోదామా, తిరుపతికి పోదామా అని ఇంటిల్లిపాదీ మాట్లాడుకునేలోపు పూట గడిచిపోతుంది. కుప్పం నుంచి తిరుపతి రావాలంటే మూడు గంటలకు పైనే రోడ్డుమీద పోతుంది. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండని ఎంత చెప్పినా తక్కువే. కాలిఫోర్నియా న్యూరాలజిస్ట్ జెఫ్రీ సేవర్ 2006లో వేసిన లెక్క ప్రకారం పెద్ద రక్తనాళం మూసుకుపోతే నిమిషానికి 19 లక్షల నాడీకణాలు చచ్చిపోతాయి.

అయినా ఆలస్యమైపోయిన వాళ్ల మాటేమిటి? ఈ ప్రశ్నకు ఇటీవలి దశాబ్దాల్లో దొరికిన మంచి జవాబులు అణువుల రసాయన శాస్త్రం నుంచి, ఆ రసాయనాన్ని బొమ్మగా మార్చి చూపే స్కానింగ్ నుంచి వచ్చాయి. రోగి అందరికంటే ఆలస్యంగా చేరే ప్రాంతానికే ఈ విద్య అందరికంటే ఎక్కువ అవసరమని నా నమ్మకం. దీన్ని మహానగరాల కార్పొరేట్ ఆసుపత్రులకు వదిలేస్తే కుదరదు.

ముందు సీటీ సంగతి. 1971లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో లండన్‌లో మొదటి రోగి మెదడును చూశారు. ఇప్పటికీ పక్షవాతం కేసులో మొదట జరిగేది సీటీనే. మెదడులో రక్తం కారిందా, లేక నాళం మూసుకుపోయిందా అన్నది తేల్చాలి. కారిన చోట గడ్డ కరిగించే మందు ఇస్తే ప్రాణమే పోవచ్చు. కారిన రక్తం సీటీలో తెల్లగా కనిపిస్తుంది. రక్తంలో ఇనుము ఉంది కాబట్టి అలా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు గానీ, ఆ తెలుపు ప్రధానంగా హిమోగ్లోబిన్‌లోని గ్లోబిన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది. ఇదేదో పరీక్షల కోసం గుర్తుపెట్టుకునే విషయం అనుకోవద్దు. హిమోగ్లోబిన్ బాగా తగ్గిపోయిన మనిషిలో కొత్తగా కారిన రక్తం కూడా అంత తెల్లగా కనబడకపోవచ్చు. మన పల్లెల్లో ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. ఫిల్ము చూసే రేడియాలజిస్టు పక్కనే ఆమె రక్తపరీక్ష రిపోర్టు ఎందుకు ఉండాలో ఈ చిన్న రసాయన విషయమే చెబుతుంది.

నాళం మూసుకుపోయిన కేసులో మాత్రం తొలి గంటల సీటీ చాలాసార్లు నార్మల్‌గానే ఉంటుంది. లోపల జరుగుతున్న నష్టం అణువుల స్థాయిలో ఉంటుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే మన తెలుగువాడి దగ్గరికే వెళ్లాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో పనిచేస్తూ 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నారు. కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి ఏటీపీ రూపంలోనే ఉంటుంది. శరీరం బరువులో దాదాపు రెండు శాతమే ఉండే మెదడు, శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు తీసుకుంటుంది. నిల్వ ఉంచుకునేది మాత్రం దాదాపు ఏమీ లేదు. రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లోనే ఏటీపీ అయిపోతుంది. ఏటీపీ లేకపోతే కణం గోడలోని సోడియం-పొటాషియం పంపు ఆగిపోతుంది. సోడియం లోపలికి వచ్చేస్తుంది, దాని వెంట నీళ్లూ వచ్చేస్తాయి. కణం ఉబ్బుతుంది. కణాల మధ్య కాస్త స్వేచ్ఛగా తిరిగిన నీటి అణువులు ఇప్పుడు ఇరుకులో చిక్కుకుంటాయి.

ఎమ్మారైలో డిఫ్యూజన్ అనే పద్ధతి కొలిచేది ఈ నీటి అణువుల కదలికనే. 1980ల మధ్యలో ఫ్రాన్స్‌లో డెనిస్ లె బిహాన్ మెదడులో నీటి కదలికను బొమ్మగా చూపించారు. 1990లో మైకేల్ మోస్లీ బృందం పిల్లుల మెదడులో రక్తనాళం మూసి చూస్తే, మామూలు ఎమ్మారైలో ఏమీ కనబడకముందే డిఫ్యూజన్‌లో దెబ్బతిన్న భాగం వెలిగింది. ఏ మందూ ఎక్కించలేదు. ఒంట్లో ఉన్న నీళ్లే సాక్ష్యం చెప్పాయి. నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందంగా అనిపించేది ఇదే. ఒక పంపు ఆగితే నీటి అణువు నడక మారుతుంది, ఆ మార్పు ఫిల్ము మీద తెల్లటి మచ్చగా పడుతుంది.

ఇప్పుడు ఆ తెల్లారుజాము రోగి దగ్గరికి వద్దాం. డిఫ్యూజన్‌లో మచ్చ నిమిషాల్లో వస్తుంది. ఫ్లెయిర్ అనే ఇంకో ఎమ్మారై సీక్వెన్స్‌లో (అంటే బొమ్మ తీసే ఇంకో పద్ధతిలో) అదే మచ్చ స్పష్టంగా కనబడటానికి కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి డిఫ్యూజన్‌లో మచ్చ ఉండి, ఫ్లెయిర్‌లో ఇంకా రాలేదంటే దెబ్బ తగిలి నాలుగున్నర గంటలు దాటి ఉండకపోవచ్చు. గోడ గడియారం చెప్పలేని సమయాన్ని మెదడు కణజాలమే చెబుతుంది. దీన్ని నమ్మి చేసిన యూరప్ ట్రయల్ ‘వేక్-అప్’ ఫలితాలు 2018లో వచ్చాయి. సమయం తెలియని 503 మంది రోగుల్లో గడ్డ కరిగించే మందు పడిన వాళ్లలో 53.3 శాతం మంది 90 రోజులకు బాగా కోలుకున్నారు. పడని వాళ్లలో 41.8 శాతం మంది. మెదడులో రక్తస్రావం ప్రమాదం కొంచెం పెరిగిన మాటా నిజమే, దాన్ని దాచకూడదు. అదే ఏడాది వచ్చిన ‘డాన్’ ట్రయల్ ఇంకా ముందుకు వెళ్లింది. 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినా, స్కాన్‌లో బతికించుకోగల భాగం మిగిలి ఉన్నవాళ్లకు రక్తనాళంలోకి ట్యూబు వేసి గడ్డను లాగేస్తే, తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు 49 శాతం. ఆ చికిత్స చేయనివాళ్లలో 13 శాతం. 24 గంటలు! కుప్పం నుంచి, మదనపల్లె నుంచి, సత్యవేడు నుంచి వచ్చే మనిషికి ఆ అంకె ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

డిఫ్యూజన్‌కు మందు అక్కర్లేదు గానీ, రక్తనాళాలను నేరుగా చూడాలంటే చాలాసార్లు అవి బొమ్మలో కనబడేలా చేసే మందు (కాంట్రాస్ట్) ఏదో ఒకటి ఎక్కించాలి. ఆ చరిత్రలో పెద్ద హెచ్చరిక ఉంది. 1927లో లిస్బన్‌లో ఈగాస్ మోనిజ్ మెదడు రక్తనాళాలను మొదటిసారి ఎక్స్‌రేలో చూపించారు. తర్వాత కొన్నేళ్లకు థోరోట్రాస్ట్ అనే మందు వచ్చింది. బొమ్మ అద్భుతంగా ఉండేది, రోగికి నొప్పి లేదు, అందరికీ నచ్చింది. అందులో ఉన్నది రేడియోధార్మిక థోరియం. అది ఒంట్లోంచి దాదాపు బయటకే పోదు, లివర్‌లో కూర్చుంటుంది. దశాబ్దాల తర్వాత ఆ రోగుల్లో లివర్ క్యాన్సర్లు బయటపడ్డాయి. బొమ్మ ఎంత బాగా వచ్చిందన్నది ఒక్కటే చూసి మందును మెచ్చుకోకూడదని అప్పుడు తెలిసింది.

ఎక్స్‌రే, సీటీల్లో వాడే అయోడిన్ మందుల కథ ఇంత భయంకరం కాదు, కానీ నొప్పి మాత్రం ఉండేది. రక్తనాళంలో వేయగానే మంట, వేడి. స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టెన్ ఆల్మెన్ ఈ మంట ఎందుకని ఆలోచించారు. ఉప్పు తక్కువున్న బాల్టిక్ నీళ్లలో కళ్లు తెరిచి ఈదితే మంట లేదు, ఉప్పెక్కువున్న పడమటి తీరంలో ఈదితే కళ్లు మండుతాయి. తప్పు అయోడిన్‌ది కాకపోవచ్చు, ద్రావణం గాఢతదేమో అనుకున్నారు. అయాన్లుగా విడిపోని అణువు కావాలని 1960ల చివర్లో ప్రతిపాదించారు. నార్వే కంపెనీ ఆ దారిలో పనిచేసి అయోహెక్సాల్‌ను తెచ్చింది. మన ఊళ్లలో సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే సీటీ) చేయించుకున్నవాళ్లలో చాలామంది చేతి నరంలోకి వెళ్లేది ఈ కుటుంబం మందే. ఎమ్మారైలో వాడే గాడోలినియం అనే లోహం కథలోనూ ఇదే మలుపు. విడిగా ఉంటే అది విషం, క్యాల్షియం చోటును ఆక్రమిస్తుంది. అందుకే దాన్ని ఒక సేంద్రియ అణువనే పంజరంలో పెట్టి ఎక్కిస్తారు. పంజరం తీగలా ఉంటే కొంత తేలిగ్గా విడిపోతుంది, వలయంలా ఉంటే గట్టిగా పట్టుకుంటుంది. కిడ్నీలు చెడినవాళ్లలో చర్మం రాయిలా గట్టిపడే జబ్బుకూ ఈ మందుకూ ఉన్న సంబంధం 2006లో బయటపడింది. 2017లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ తీగ రకం మందులు కొన్నింటిని ఆపేసింది. బీపీ, షుగరు ఉన్నవాళ్లకే పక్షవాతం ఎక్కువ, వాళ్లకే కిడ్నీ జబ్బూ ఎక్కువ. కాబట్టి స్కాన్‌కు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో, ఎక్కించబోయేది ఏ రకం మందో అడగడం రోగి బంధువుల హక్కు. అడిగితే డాక్టరు విసుక్కోకూడదు.

న్యూక్లియర్ మెడిసిన్‌లో, అంటే రేడియోధార్మిక మందు ఎక్కించి చేసే స్కానింగ్‌లో, వాడే టెక్నీషియం-హెచ్ఎంపీఏఓ ఇంకో చక్కటి ఉదాహరణ. ఆ అణువు కొవ్వులో కరుగుతుంది కాబట్టి రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను దాటేస్తుంది. లోపలికి వెళ్లగానే నీటిలో కరిగే రూపంలోకి మారిపోయి, మళ్లీ బయటకు రాలేక అక్కడే ఉండిపోతుంది. ఎక్కడ రక్తం ఎక్కువ పారిందో అక్కడే ఎక్కువ చిక్కుకుంటుంది. మామూలు రకమైతే కలిపాక అరగంటలో వాడేయాలి. టెక్నీషియం అర్ధాయువు 6 గంటలే, అంటే ఆరు గంటలకే దాని రేడియోధార్మికత సగమైపోతుంది. 2009లో కెనడాలోనూ, 2010లో నెదర్లాండ్స్‌లోనూ దాని ముడిసరుకు తయారుచేసే రియాక్టర్లు ఆగిపోతే ప్రపంచమంతా కొరత వచ్చింది. నడిరాత్రి వచ్చే పక్షవాతం కేసుకు ఇది పనికిరాదు. తర్వాతి అంచనాలకు పనికొస్తుంది.

తిరుపతి సంగతికి వస్తే, 1954 నుంచి ఎస్వీ యూనివర్సిటీ ఉంది, కెమిస్ట్రీలో తరతరాల విద్యార్థుల్ని తయారుచేసింది. రుయా ఆసుపత్రి ఉంది, 1993 నుంచి స్విమ్స్ ఆసుపత్రి ఉంది. 2015లో మొదలైన ఐఐటీ, సైన్స్ విద్యాసంస్థ ఐసర్ ఏర్పేడు దగ్గర ఉన్నాయి. ఇవన్నీ ముప్పై కిలోమీటర్ల లోపే. అణువును తయారుచేయగలవాళ్లు, అణువు పనిచేయాల్సిన రోగులు ఇంత దగ్గర్లో ఉన్న ఊళ్లు రాష్ట్రంలో ఎన్నో లేవు. అయితే కెమిస్ట్రీ పీహెచ్‌డీ చేసే అమ్మాయి తన అయిదేళ్లలో ఒక్కసారైనా రేడియాలజీ గదిలో రాత్రి డ్యూటీ చూడాలి. రేడియాలజీ పీజీ చేసే అబ్బాయి తను ఎక్కించే మందు నిర్మాణాన్ని ఒక్కసారైనా ల్యాబ్‌లో చూడాలి. అది ఎవరో ఒక ప్రొఫెసర్ చొరవ మీద ఆధారపడకుండా కోర్సులోనే భాగం కావాలి.

ఏ సమస్య మీద పనిచేయాలి? కొత్త గాడోలినియం పంజరం కనిపెట్టి పేపరు వేసుకోవడం మంచిదే. కానీ మన ప్రాంతానికి ముందుగా కావలసింది మందే అక్కర్లేని పద్ధతులు. రక్తంలోని నీటినే అయస్కాంతంతో గుర్తుపెట్టి మెదడులో ప్రవాహాన్ని కొలిచే ఆర్టీరియల్ స్పిన్ లేబులింగ్ 1992 నుంచి ఉంది. ఇంజెక్షన్ లేదు, కిడ్నీ టెన్షన్ లేదు, ఎన్నిసార్లైనా తీయొచ్చు. సిగ్నల్ బలహీనంగా ఉండటం, సమయం పట్టడం దాని లోపాలు. ఈ రెండూ ఐఐటీ ఇంజనీర్లు, రేడియాలజిస్టులు కలిసి కూర్చుంటే కొరుకుడు పడే సమస్యలే.

పేదవాళ్ల జిల్లాలో ఈ గొప్పలెందుకు, ముందు అంబులెన్సులు, బీపీ మాత్రలు చూడండి అనేవాళ్లున్నారు. బీపీ మాత్ర క్రమంగా వేసుకుంటే ఆగే పక్షవాతాలు స్కాన్‌తో బాగుపడేవాటికంటే చాలా ఎక్కువ, అది ఒప్పుకుని తీరాలి. కానీ చెయ్యి పడిపోయి మంచం మీద ఉన్న నలభై ఏళ్ల కూలీకి రేపటి బీపీ మాత్ర గురించి చెప్పి పంపించలేం కదా. ఇదే చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే టెలీమెడిసిన్ (దూరం నుంచే డాక్టరు రోగిని చూసే) కేంద్రం పెట్టారు, దాన్ని అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పల్లెకు ఇదంతా ఎందుకని అప్పుడూ అని ఉంటారు.

డబ్బు కంటే ముందు కావలసిన పని ఒకటుంది. డిఫ్యూజన్, ఫ్లెయిర్ రెండూ కలిపి తీయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. సమయం తెలియని పక్షవాతం కేసు ఏ అర్ధరాత్రి వచ్చినా ముందు సీటీ, రక్తస్రావం లేకపోతే వెంటనే ఈ రెండు సీక్వెన్సులు అన్న నియమం రాసి, ఎమ్మారై ఉన్న ప్రతి పెద్దాసుపత్రి గోడకు అంటించాలి. దాన్ని నడిపించడానికి రాత్రి రెండు గంటలకు కూడా టెక్నీషియన్ ఒకరు డ్యూటీలో ఉండాలి. ఎమ్మారై గది తలుపు సాయంత్రం ఆరింటికే మూసేస్తే, మోస్లీ చూపించిన నీటి అణువులు ఆ తెల్లారుజాము రోగికి ఏ సాయమూ చేయలేవు.